కృషి భవన్ లెక్కలో రైతు ఎవరు? చౌడేపల్లె నుంచి చూస్తే

2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి ధర కూలిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, తాను ఇంకో 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించి, ఆ భారంలో వాటా పంచుకోమని కేంద్రానికి రాసింది. జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఒప్పుకుంది. మార్కెట్ జోక్య పథకం కింద 1.62 లక్షల టన్నుల కాయకు, క్వింటాలు 1,490.73 రూపాయల లెక్కన, ఖర్చు చెరి సగం.

మామిడి రైతుకు అది ఊరటే, కాదనలేం. కానీ చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె వైపు ఉన్న మాల, మాదిగ వాడల్లోకి ఆ సొమ్ము ఎంత వచ్చి ఉంటుంది? తోట ఎవరి పేరున ఉందో ఆ పేరు మీదే డబ్బు పడుతుంది. కాయ కోసినవాళ్లు, గంపలు మోసినవాళ్లు, ట్రాక్టరుకు ఎత్తినవాళ్లు ఆ జాబితాలో ఉండరు. ధర పడిపోయి కోత ఆపేసిన రోజుల్లో ముందు పోయింది వాళ్ల కూలే. దానికి నష్టపరిహారం అనే మాట ఏ పథకంలోనూ లేదు.

ఇది ఒక అధికారి పొరపాటు కాదు. ఢిల్లీలోని కృషి భవన్ ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఇలా ఎందుకు జరుగుతుందో కూడా అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ఢిల్లీ చేతిలో ఉన్నది ఏమిటి?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల అంశం. రాష్ట్ర జాబితాలో 14వ పద్దు వ్యవసాయం, 15 పశుపోషణ, 18 భూమి, 21 చేపల పెంపకం, చేపల వేట. దేశ సముద్ర జలాల సరిహద్దు దాటాక ఉండే వేట మాత్రమే కేంద్ర జాబితాలోని 57వ పద్దు. అంటే చౌడేపల్లె చెరువులో చేప మీద గానీ, కొండ కింద చేను మీద గానీ ఢిల్లీకి నేరుగా అధికారం లేదు.

మరి ఢిల్లీ చేసేదేమిటి? డబ్బిస్తుంది, ఆ డబ్బుకు షరతులు రాస్తుంది. మద్దతు ధర ప్రకటిస్తుంది. పంట రుణాలకు వడ్డీ రాయితీ ఇస్తుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ద్వారా పరిశోధన నడుపుతుంది. మనకు దగ్గర్లో ఉన్న కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం ఆ గొలుసులోదే. వీటన్నిటిలో బలమైన ఆయుధం ఏదంటే షరతులే. లబ్ధిదారు అంటే ఎవరో నిర్వచించే ఒక్క పేరా, ఊళ్లో ఎవరి ఖాతాలో డబ్బు పడాలో తేల్చేస్తుంది.

చేపల సంగతి 2019 దాకా ఈ మంత్రిత్వ శాఖలోనే ఉండేది. ఆ ఏడాది మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమలకు వేరే మంత్రిత్వ శాఖ పెట్టారు. కాబట్టి ఇప్పుడు ఢిల్లీలో రెండు తలుపులు. ఒకటి పంటకు, ఇంకొకటి పాడికీ చేపకూ. మన జనం చాలామంది ఈ రెండో తలుపు తట్టనేలేదు. దాని గురించి కాస్త తర్వాత చెప్పుకుందాం.

మద్దతు ధర ఇరవై రెండు పంటలకు ప్రకటిస్తారు. మన వైపు పండే వాటిలో వేరుశనగ ఉంది, రాగి ఉంది. టమోటా లేదు, మామిడి లేదు. మదనపల్లె మార్కెట్‌లో టమోటా ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసినప్పుడు రాష్ట్రం అడగాలి, కేంద్రం ఒప్పుకోవాలి, అప్పుడే మార్కెట్ జోక్య పథకం కదులుతుంది. ధర పెరిగినప్పుడు మాత్రం కథ వేరు. 2023 జూలైలో టమోటా ధర ఆకాశానికి ఎక్కగానే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్ల నుంచి కొనమని సహకార సమాఖ్యలను ఆదేశించి, రోజుల వ్యవధిలోనే ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. కొనేవాడి కష్టానికి ఒక వేగం, పండించేవాడి కష్టానికి ఇంకో వేగం. చేలో కాయ కోసే ఆడకూలీ కష్టానికి అసలు ఏ శాఖా లేదు. ధర ఎంత ఎగిరినా ఆమె కూలి దానితోపాటు ఎగరదు.

'రైతు' అనే మాటకు రెండు అర్థాలు

2004లో ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ వేశారు. దాని సిఫార్సుల మీద 2007లో జాతీయ రైతు విధానం వచ్చింది. మద్దతు ధర గురించి ఆ కమిషన్ చెప్పిన మాట అందరికీ గుర్తుంది. రైతంటే ఎవరో ఆ విధానం చెప్పిన మాట ఎవరికీ గుర్తు లేదు. భూమి ఉన్నవాళ్లతో పాటు కౌలుదారులు, కోరుకు చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, మేకలూ గొర్రెలూ కాసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, అటవీ ఫలసాయం సేకరించేవాళ్లు అందరూ ఆ నిర్వచనంలో రైతులే. ఇది ఏ దళిత సంఘమో రాసుకున్న తీర్మానం కాదు, కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పత్రం.

పన్నెండేళ్ల తర్వాత అదే మంత్రిత్వ శాఖ పీఎం కిసాన్ తెచ్చింది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు, నేరుగా ఖాతాలోకి. మొదట అయిదెకరాల లోపు వాళ్లకన్నారు, 2019 జూన్ నుంచి భూమి ఎంతున్నా సరేనన్నారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, పెద్ద ఉద్యోగులు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అర్హత ఒకటే, సాగు భూమి రికార్డుల్లో మీ పేరున ఉండాలి. అది కూడా 2019 ఫిబ్రవరి 1 నాటికి ఉండాలి. ఆ తర్వాత వారసత్వంగా వస్తే తప్ప, కొనుక్కున్నవాళ్లు కుదరదు. కౌలుదారు లేడు, కూలీ లేడు. 2007 పత్రంలో ఉన్న 'రైతు'ను 2019 పథకం గడప బయటే నిలబెట్టింది.

ఈ గడప ఎవరికి ఎత్తుగా ఉంటుందో మంత్రిత్వ శాఖ దగ్గరే లెక్కలున్నాయి. వ్యవసాయ గణన చేసేది అదే. 2015-16 గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఎస్సీలవి దాదాపు 12 శాతం, విస్తీర్ణంలో వాళ్ల వాటా 9 శాతం లోపే. జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. ఇంకో పక్క 2011 జనాభా లెక్కల్లో దళిత శ్రామికుల్లో సగానికి కాస్త తక్కువ మంది వ్యవసాయ కూలీలు. ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభాలో ఎస్సీలు దాదాపు 19 శాతం, దేశ సగటు కన్నా ఎక్కువ. భూమి ఉన్నవాడికే ఇచ్చే పథకం కులం పేరెత్తకుండానే కులం చూసి పంచుతుందని చెప్పడానికి ఇంతకన్నా లెక్కలు అక్కర్లేదు.

ఇదే మంత్రిత్వ శాఖ కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో మాత్రం కౌలుదారు, నోటి మాట కౌలుదారు, కోరుదారు అందరూ అర్హులే. పంటల బీమా నిబంధనల్లోనూ అంతే. అప్పు ఇచ్చేటప్పుడు, ప్రీమియం కట్టించుకునేటప్పుడు కౌలుదారు రైతే. ఊరికే 2,000 రూపాయలు వేసేటప్పుడు కాదు.

ఒక చిన్న పక్కమాట. హరిత విప్లవం మొదలైన కాలంలో ఈ మంత్రిత్వ శాఖకు మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. 1967 నుంచి 1970 దాకా ఒకసారి, 1974 నుంచి 1977 దాకా మరోసారి ఆయనే. కుర్చీలో దళితుడు కూర్చున్నంత మాత్రాన గడప ఎత్తు తగ్గలేదు. అంబేడ్కర్ దీన్ని ముందే ఇంకో వైపు నుంచి చూశారు. 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో సాగు భూమి ప్రభుత్వానిదై ఉండాలని, కులం చూడకుండా ఊరి జనానికి సాగుకు ఇవ్వాలని ప్రతిపాదించారు. పట్టానే అర్హతగా పెడితే పట్టా లేనివాడి గతేమిటన్న ప్రశ్నకు ఆయన జవాబు అది.

పట్టా ఉన్నా

మన దగ్గర పట్టా ఉన్న దళిత కుటుంబాల్లో చాలామందిది డీకేటీ పట్టా. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. అర ఎకరం, ఎకరం, మహా అయితే రెండు. గుట్ట పక్కనో, వంక గట్టునో. 1977 నాటి చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మడం, కొనడం నిషేధం. పేదవాడి నుంచి ఎవరైనా తీసుకుంటే వెనక్కి ఇప్పించే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. 2023లో చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూమిని మొదటి లబ్ధిదారు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చన్నారు. ఆ సవరణ పేరు చెప్పి ఎక్కడ ఎవరి భూమి ఎవరి చేతికి పోయిందన్న అనుమానాలతో, ప్రభుత్వం మారాక 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు.

ఈ గొడవ నడుమ 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచాయి. భూముల దస్త్రాలు కాలిపోయాయి. కుట్ర అనుమానంతో దర్యాప్తు సీఐడీ చేతికి వెళ్లింది. తర్వాత ప్రభుత్వం అర్జీలు తీసుకుంటే భూములు పోగొట్టుకున్నామంటూ వందల మంది వరుస కట్టారు. 2022లో జిల్లాలు విడగొట్టే దాకా చౌడేపల్లె, పుంగనూరు మండలాలు కూడా ఆ డివిజన్ కిందవే. అంటే మన పాత పట్టాల చరిత్ర చాలావరకు ఆ గదుల్లోనే ఉండేది.

ఢిల్లీ పథకానికీ మదనపల్లె మంటకూ ఏం సంబంధం అనిపించవచ్చు. పీఎం కిసాన్ అర్హత వెబ్‌ల్యాండ్‌లో పేరును బట్టి. ఇప్పుడు కేంద్రం రైతు గుర్తింపు సంఖ్య ఇస్తోంది. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషన్‌లో అది భాగం. ఆ సంఖ్యకు పునాది కూడా భూమి రికార్డే. తాత పేరున పట్టా ఉండి, తండ్రి పేరుకు మారక, ఆ తండ్రీ పోయి, ముగ్గురు కొడుకులు నోటి మాటతో పంచుకుని సాగు చేసుకుంటున్న చేను ఊహించుకోండి. వాడల్లో ఇలాంటివే ఎక్కువ. ఆ ముగ్గురిలో ఎవరూ కంప్యూటర్ కంటికి రైతులు కారు. తాతకిచ్చిన పట్టా కాగితం ఇంట్లో చెదలు తింది, నకలు ఉండాల్సిన ఫైలు కార్యాలయంలో కాలింది. ఇక 1-బిలో పేరు ఎలా ఎక్కించుకోవాలి?

ఇక్కడే పుంగనూరు ఆవు గుర్తొస్తుంది. రెండున్నర, మూడడుగుల పొట్టి ఆవు. ఆ జాతికి కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థలో నమోదు ఉంది, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో సంరక్షణ ఉంది. 2024 సంక్రాంతికి ప్రధాని మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. మంచిదే, అంతరించిపోయే జాతిని కాపాడాలి. ఆ ఆవుకు గడ్డి కోసిన కూలీ పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు.

కౌలు కార్డుకు సంతకం ఎవరు పెడతారు?

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు సాగు దేశ సగటుకు రెట్టింపు పైనే. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో 17 శాతం కమతాల్లో కౌలు ఉంటే మన రాష్ట్రంలో 40 శాతం దాటింది. డెల్టా అంత కాకపోయినా మన వైపు కూడా బోరున్న చేను గుత్తకు తీసుకుని టమోటా పెట్టేవాళ్లు తక్కువేమీ కాదు.

వాళ్లకు డబ్బు ఎప్పుడైనా అందిందంటే అది రాష్ట్ర ప్రభుత్వం నుంచే. 2019లో మొదలైన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 రూపాయలు రాష్ట్ర ఖజానా నుంచి ఇస్తామన్నారు. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ మొత్తం 20,000. అందులో పీఎం కిసాన్ 6,000 కలిసే ఉంది. రెండింటిలోనూ కౌలుదారుకు తాళం చెవి ఒకటే, సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం ప్రకారం అది పదకొండు నెలలకు ఇస్తారు. యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే. 2011 నాటి పాత కౌలు చట్టంలో ఈ సంతకం షరతు లేదు.

ఆ సంతకం అడగడం అంటే ఏమిటో ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. చేను పెద్ద కులపాయనది. గుత్త నోటి మాట మీద. కాగితం అడిగితే ముందు అనుమానం, తర్వాత "వచ్చే ఏడు వేరే వాళ్లకిస్తాం లే" అన్న మాట. పీఎం కిసాన్ సొమ్ము యజమాని ఖాతాలోనే పడుతుంది. కార్డు ఇస్తే పంట రుణం, బీమా చేజారతాయేమోనని ఆయన భయం. ఆ భయాన్ని తీర్చే ఏర్పాటు ఢిల్లీ షరతుల్లో లేదు, అమరావతి చట్టంలో కూడా లేదు. సంతకం భారమంతా కౌలుదారు మీదే పెట్టారు.

రెండో తలుపు: చేప

2020 సెప్టెంబరులో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మొదలైంది. అయిదేళ్లకు 20,050 కోట్లు. ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో దేశంలోనే మొదటిది కాబట్టి పేరు బాగా వినిపించింది. కానీ కోస్తా రొయ్యల చెరువుల పథకం అనుకుని మెట్ట ప్రాంతాల్లో పట్టించుకోలేదు. నిజానికి చేపల చెరువు తవ్వుకోవడం, మేత, ఐస్ పెట్టె ఉన్న ద్విచక్ర వాహనం, చేపలమ్మే చిన్న దుకాణం లాంటివి కూడా ఇందులో ఉన్నాయి. జనరల్ వాళ్లకు యూనిట్ ఖర్చులో 40 శాతం రాయితీ, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 60 శాతం.

అరవై శాతం అనగానే బాగానే ఉందనిపిస్తుంది. లెక్క చూడండి. పది లక్షల యూనిట్ అయితే నాలుగు లక్షలు చేతి నుంచి రావాలి, లేదా బ్యాంకు ఇవ్వాలి. చెరువు తవ్వాలంటే సొంత భూమి గానీ లీజు పత్రం గానీ చూపాలి. తిరిగి తిరిగి మళ్లీ పట్టా దగ్గరికే వచ్చాం. సూక్ష్మ సేద్యంలోనూ ఇదే కథ. కేంద్రం వాటాకు రాష్ట్రం తన వాటా కలిపి ఎస్సీ, ఎస్టీ రైతులకు డ్రిప్ పరికరాలు వంద శాతం రాయితీతో ఇస్తోంది. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని చోట బోరే లేనివాడు ఆ పైపులు ఎక్కడ వేసుకోవాలి?

భూమి లేకుండా చేపలోకి రాగల దారి ఒకటుంది, ఊరి చెరువు. లీజులో మొదటి ప్రాధాన్యం స్థానిక మత్స్యకార సహకార సంఘానిది. అది న్యాయమే. వాళ్లూ బీద కులాలే, తరాలుగా ఆ వృత్తి చేసినవాళ్లు. వాళ్లతో తగువు మనకొద్దు. సంఘం లేని ఊళ్లలో ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. పంచాయతీ వేలం పెడుతుంది. చేతిలో రొక్కం ఉన్న కాంట్రాక్టరు పాడుకుంటాడు. రాయలసీమ చెరువుల్లో తూము తీసి నీళ్లు వదిలి, మడవలు కట్టే నీరుగంటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాలదే. తరతరాలుగా చెరువును కాపు కాసినవాళ్లకు అందులో చేప మీద మాటే లేదు. ఎస్సీ మహిళా పొదుపు సంఘం వేలంలో పాడుకుంటే చేపపిల్లలకు, మేతకు, వలలకు ఈ 60 శాతం రాయితీ అడగవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి చేపలకూ పశువులకూ విస్తరించారు. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇది వాడల్లో ఎంతమందికి ఎవరు చెప్పారు?

789 అనే అంకె

కేంద్ర బడ్జెట్ పద్దుల్లో 789 అని ఒక చిన్న పద్దు ఉంటుంది. ఎస్సీల ప్రత్యేక ప్రణాళిక కింద ఖర్చు అని దాని అర్థం. ప్రతి మంత్రిత్వ శాఖా తన పథకాల డబ్బులో కొంత వాటా ఇందులో చూపాలి. వ్యవసాయ శాఖ పీఎం కిసాన్‌లో కొంత మొత్తాన్ని ఇలాగే చూపుతుంది. భూమి ఉన్న దళితుడికి అందరితో పాటు వచ్చే 2,000 రూపాయలను 'ఎస్సీల అభివృద్ధి' ఖాతాలో రాసుకుంటారు. భూమి లేని దళితుడికి ఆ ఖాతా నుంచి కొత్తగా ఒక్క రూపాయీ పుట్టదు. ఇది కాగితం మీద కేటాయింపేనని దళిత బడ్జెట్ ఉద్యమాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. నా ఉద్దేశంలో వాళ్లది పూర్తిగా సరైన వాదన. ఆ వాటాతో భూమి కొని ఇవ్వవచ్చు, ఉమ్మడి బోరు వేయించవచ్చు, చెరువు లీజుకు పెట్టుబడి ఇవ్వవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు చట్టం చేసింది. పదేళ్ల గడువు ముగిశాక 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. కేంద్రంలో అలాంటి చట్టం లేదు, మార్గదర్శకాలే. చట్టం లేని చోట ఖర్చు కాని డబ్బు గురించి కోర్టులో అడగడం కష్టం.

అడగడానికి మాత్రం కొన్ని చోట్లున్నాయి. పీఎం కిసాన్ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే లబ్ధిదారుల జాబితా అంతా కనిపిస్తుంది. దాన్ని అచ్చు తీసి వాడలో చదివితే ఎవరి పేరుంది, ఎవరిది లేదు, చేను ఒకరి చేతిలో ఉండి పేరు ఇంకొకరిది ఎక్కడుంది అన్నీ బయటపడతాయి. వారసత్వ మార్పు జరగని పట్టాలకు తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. పీఎం కిసాన్‌కు వారసత్వం విషయంలో ఆ 2019 తేదీ అడ్డు కాదు. గుత్తకు చేసేవాళ్లు యజమాని సంతకం పెట్టకపోయినా రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదులో సాగుదారుగా తమ పేరు రాయమని అడగాలి. రాయమంటే ఆ మాట కాగితం మీద ఇమ్మనాలి.

జిల్లా మత్స్య శాఖకు సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న వేస్తే చాలు. 2020 నుంచి 60 శాతం రాయితీ పొందినవాళ్లలో ఎస్సీలు ఎంతమంది, ఏ మండలాల వాళ్లు? ఇక ఊరి చెరువు లీజు ఎవరి పేరున ఉంది, గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నది పంచాయతీ కార్యదర్శి దగ్గర రాసి ఉంటుంది. అది ఇప్పుడే చూసి పెట్టుకోవాలి. వేలం దండోరా వేశాక పొదుపు సంఘం డబ్బు కూడగట్టుకోవడానికి వ్యవధి ఉండదు.